పఠనాలయమునకు ఓజోను యంత్రము
(పఠనాలయ సభ్యుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



మన పఠనాలయమునకు ఒక దాత గాలిని శుద్ధిచేయు విద్యుద్యంత్రమును బహూకరింప నెంచియున్నారు. అది ఓజోను అను వాయువును పుట్టించును. దానిని స్వీకరింపవలెనా వలదా యని తీర్మానించుటకే నేడు మనము కూడితిమి. వలదనియే మా యభిప్రాయము. దాతగారి సదుద్దేశమును మేము శంకింపము. అయినను న్యాయవాదివృత్తిలో నున్నవారము గావున, కారణములు చెప్పక తీర్పు కోరుట మాకు అలవాటు లేదు.

ఉఱుములు మెఱుపులతో వాన కురిసి వెలిసినపుడు గాలిలో నొక ఘాటైన వాసన ఒక్కొక్కప్పుడు మీకును తగిలియుండును. 1785లో హాలెండు దేశపు వాన్ మారుం అను పండితుడు విద్యుద్యంత్రము చెంత ఇట్టి వాసననే గుర్తించెను. 1840 ప్రాంతమున బాసెలు నగరమున షోన్‌బైన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఇది ప్రత్యేక పదార్థమని నిర్ణయించి, వాసన వేయుట యను అర్థము గల గ్రీకుమాటనుండి దీనికి ఓజోను అని పేరిడెను.

దీనిని కావలసినంత పుట్టించు ఉపాయము 1857లో జర్మనీ దేశపు వెర్నర్ సీమెన్సుకు తోచెను. ఒక గాజుగొట్టములో మఱియొక గాజుగొట్టము నమర్చి, లోపలిదాని లోతట్టునను, వెలుపలిదాని పైతట్టునను లోహపు రేకు నంటించి, నడిమి సన్నని సందుగుండ పొడిగాలిని పోనిచ్చుచు, ఆ రేకులకు వేలకొలది వోల్టుల విద్యుత్తును దిశ మార్చి మార్చి అందించుటయే ఆ యుపాయము. గాజు అడ్డుగా నుండుటచే పెద్దమంట పుట్టదు. సెకనులో కోటవ వంతైన నిలువని సూక్ష్మమైన మెఱుపులు అసంఖ్యాకముగ పుట్టి చచ్చుచుండును. చీకటిలో చూచినచో ఊదారంగు కాంతి కానవచ్చును. ఈ మెఱుపులలోని ఎలక్ట్రానులు తాకగా, రెండు పరమాణువుల ప్రాణవాయువు చీలిపోవును. విడివడిన యొక్కొక్క పరమాణువు చీలని ప్రాణవాయువుతో కూడి మూడు పరమాణువుల ఓజోను అగును. ఖర్చుపెట్టిన విద్యుత్తులో పదింట ఎనిమిది పాళ్లకు మించి వట్టి వేడిమిగా పోవును. వేడికి ఓజోను మరల విఱిగిపోవును. అందుచేతనే కర్మాగారములలో ఈ గొట్టములను చన్నీటితో చల్లార్చుచుందురు. గాలిలో తడి యున్నచో ఓజోను తగ్గుటయే కాక నత్రికామ్లము పుట్టి యంత్రమును తినివేయును.

ఈ వాయువు చేసిన మేలును మఱువరాదు. 1893లో హాలెండులోని ఔడ్స్‌హోర్నునందు రైను నదీజలమును, 1906లో ఫ్రాన్సులోని నీస్ నగరమున త్రాగునీటిని దీనితో శుద్ధిచేసిరి. మన సీసానీళ్ల కర్మాగారములలోను దీనిని వాడుచున్నారు. నీటిలోని క్రిములను చంపి, కొంతసేపటికి తానే ప్రాణవాయువుగా మాఱిపోవును. నిలువదు గావున దూరపు గొట్టములలో నీటిని కాపాడుటకు క్లోరినును చేర్చుచుందురు.

అయితే నీటిలో క్రిమిని చంపు గుణమే గాలిలో మన ఊపిరితిత్తులను కాల్చును. దగ్గు, ఛాతినొప్పి, ఉబ్బసము గలవారికి ఆయాసము దీనివలన కలుగును. అమెరికాలో పనిచేయుచోట ఎనిమిది గంటలకు అనుమతించినది గాలి కోటి పాళ్లకు ఒక్కపాలు మాత్రమే. కాలిఫోర్నియా రాష్ట్రమున 2010 నుండి ఇండ్లలో వాడు గాలియంత్రములకు రెండుకోట్లకు ఒక్కపాలు హద్దుగా నేర్పఱచిరి. మనుష్యులకు హాని కలుగనంత కొలతలో ఓజోను గదిగాలిని శుద్ధిచేయజాలదని ఆ దేశపు పర్యావరణశాఖ తేల్చి చెప్పినది. గాలి శుద్ధియగునంత పుట్టించినచో చదువరి దగ్గుచు లేచిపోవలెను. పైగా నిమ్మవాసన గల నేలతుడుపు ద్రావకముల ఆవిరితో కలిసి ఫార్మాల్డిహైడు అను మఱియొక విషమును పుట్టించును. మన పఠనాలయపు నేలను ప్రతిదినము తుడుచునది అట్టి ద్రావకముతోనే.

యంత్రముతో వచ్చిన కాగితమును మేము రెండుమారులు చదివితిమి. అడవిగాలి, కొండగాలి యని పొగడ్త యున్నది గాని, గంటకు ఎంత ఓజోను పుట్టునో తెలుపు అంకె యొక్కటియు లేదు. సాక్ష్యము లేని వాదమును ఏ న్యాయస్థానమును అంగీకరింపదు. సాయంకాలము మన బల్లలచుట్టు కూర్చుండువారిలో సగముమంది బడిపిల్లలు. ఉబ్బసముతో వచ్చు పెద్దలను కూడ మీరెఱుగుదురు.

కావున యంత్రమును దాతగారికి సవినయముగ తిప్పి పంపవలెననియు, వారు సమ్మతించినచో ఆ ధనముతో తూర్పుగోడకు రెండు పెద్దకిటికీలు పెట్టింపవలెననియు మేము ప్రతిపాదించుచున్నాము. వారితో మాటలాడు భారమును మేమే వహింతుము.