ఖరక్ సింగ్ ఇంటి తలుపు: కోకా సుబ్బారావు స్మారకోపన్యాసం



రాజమండ్రిలో పుట్టి భారత ప్రధాన న్యాయమూర్తి అయిన సుబ్బారావుగారి పేరు వినగానే మనకు ప్రాథమిక హక్కులపై ఆయన ఇచ్చిన గోలక్‌నాథ్ తీర్పే గుర్తొస్తుంది. ఆయన మాట నెగ్గని ఒక కేసు గురించి నేనీ పూట చెబుతాను.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని 1941లో ఒక దోపిడీ కేసులో నిందితుడిగా చేర్చి, సాక్ష్యం లేదని వదిలేశారు. శిక్ష మాట అటుంచి, కనీసం విచారణ కూడా జరగలేదు. అయినా పోలీస్ స్టేషన్‌లో ఆయన పేరిట నేర చరిత్ర రాసిపెట్టే హిస్టరీ షీట్ తెరుచుకుంది. అర్ధరాత్రి చౌకీదారూ పోలీసులూ వచ్చి తలుపు బాదుతారని, కేకలేసి నిద్ర లేపుతారని, ఇంట్లోకి జొరబడతారని, పొరుగూరు వెళ్లాలన్నా ముందుగా చౌకీదారుకు చెప్పుకోవాల్సి వస్తోందని ఆయన మొర. ఆ మొరతో నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లాడు.

అంతా పోలీస్ రెగ్యులేషన్ 236 ప్రకారమే చేశామంది ప్రభుత్వం. చిక్కంతా అక్కడే ఉంది. ఆ రెగ్యులేషన్ శాసనసభ చేసింది కాదు, ప్రభుత్వం తన పోలీసులకు తానే రాసిచ్చుకున్న ఆదేశం. చట్టం ప్రకారం తప్ప వ్యక్తి స్వేచ్ఛను హరించకూడదంటుంది రాజ్యాంగం 21వ అధికరణం.

1962 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇంటి మీదికి రావడం చెల్లదన్న విషయంలో ఆరుగురు న్యాయమూర్తులదీ ఒకే మాట. ఖరక్ సింగ్ ఆ మేరకు గెలిచాడు. కానీ ఇంటి చుట్టూ రహస్య కాపలా, రాకపోకల నమోదు మాత్రం తప్పు కాదన్నారు నలుగురు. గోప్యత ప్రాథమిక హక్కే కాదన్నారు. అలాగైతే తలుపు తట్టడం మాత్రం ఎందుకు తప్పయిందో ఆ నలుగురి తీర్పు ఎన్నిసార్లు చదివినా నాకు బోధపడలేదు! సుబ్బారావుగారు, ఆయనతో జె.సి. షా, ఆ రెగ్యులేషన్ మొత్తం కొట్టేయాలన్నారు. కాళ్లకు సంకెళ్లు లేకపోయినా, వెంట పోలీసు చూపు ఉన్నవాడి నడక స్వేచ్ఛగా సాగదన్నది వారి వాదన. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమన్నారు.

తర్వాతి కథ అంత సూటిగా నడవలేదు. 1975లో మధ్యప్రదేశ్ నుంచి ఇలాంటిదే గోవింద్ కేసు వచ్చింది. అక్కడి నిబంధనలకు 1861 నాటి పోలీస్ చట్టం అండ ఉందని తేలడంతో, ఇంటి తనిఖీలు కొన్ని హద్దులతో నిలిచాయి. వలస పాలకుల చట్టం అలా అక్కరకొచ్చింది!

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఖరక్ సింగ్ తీర్పులో దానికి అడ్డొచ్చే భాగాన్ని కొట్టేశారు. ఆ తొమ్మిదిమందిలో కృష్ణా జిల్లాకు చెందిన చలమేశ్వర్‌గారు ఉన్నారు. సుబ్బారావుగారి మాట నెగ్గడానికి దాదాపు 55 ఏళ్లు పట్టింది.

హిస్టరీ షీట్ ఎక్కడో ఉత్తరాది సంగతి అనుకోకండి. మన పోలీస్ స్టేషన్లలో రౌడీ షీట్లు తెరిచేది స్టాండింగ్ ఆర్డర్ల కిందే. ఆ ఆర్డర్లకు వెనక ఏ చట్టంలోని ఏ సెక్షన్ ఉందన్నది, 1962లో ఖరక్ సింగ్ కేసులో కోర్టు అడిగిన ప్రశ్నే.