బరువైన శరీరానికి పరుగు బూట్లు



సూరత్‌లో లింబాయత్ వైపు వెళితే తెలుగు మాట చెవిన పడుతుంది. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. అలాంటి ఇంటి యువకుణ్ణి ఒకణ్ణి ఊహించుకోండి. బరువు 95 కిలోలు. కానిస్టేబులు ఉద్యోగం కావాలి. 2025లో గుజరాత్ పోలీసు ఎంపికల్లో పురుషులు 5 కిలోమీటర్లు 25 నిమిషాల్లో పరుగెత్తవలసి వచ్చింది. ఇతడు బడినాటి కాన్వాసు బూట్లు వేసుకుని రోజూ 5 కిలోమీటర్లూ పరుగెత్తడం మొదలుపెట్టాడు. పది రోజులకల్లా మోకాలి కింద ఎముక వెంట నొప్పి. "లావుపాటి వాడివి, నీకెందుకురా పరుగు" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు. ఆ మాట సరైనదేనా? చూద్దాం.

నడకలో ఒక పాదమైనా నేలమీద ఉంటుంది. పరుగులో రెండు పాదాలూ గాలిలో ఉండే క్షణం ఉంది. అందుకే నేలను తాకే పాదంమీద శరీరం బరువుకు రెండు నుంచి మూడు రెట్ల బలం పడుతుంది. రెండున్నర రెట్లు అనుకుంటే మన యువకుడికి అది సుమారు 237 కిలోల బరువుతో సమానం. నిమిషానికి 170 అడుగుల చొప్పున 25 నిమిషాల్లో ఒక్కొక్క పాదం రెండువేలకు పైగా సార్లు ఆ బలాన్ని మోయాలి. కాన్వాసు బూటు అడుగున ఉండేది పలుచని రబ్బరే.

పరుగు బూటు అడుగున రబ్బరుకూ పాదానికీ మధ్య మందమైన ఫోమ్ పొర ఉంటుంది. చాలావాటిలో అది ఇథిలీన్ వినైల్ ఎసిటేట్, అంటే ఈ.వి.ఏ. దానిలోని సన్నని గాలి గదులు నొక్కుకుని మళ్ళీ లేస్తాయి. దుకాణంలో మనం బొటనవేలితో నొక్కి, మెత్తగా ఉంటే మంచిదనుకుంటాం. బొటనవేలి బరువు 95 కిలోలు కాదు కదా! మరీ మెత్తని ఫోమ్ బరువైన మనిషి కింద పూర్తిగా అణిగిపోతుంది, పాదం పక్కకు ఒరుగుతుంది. కాస్త గట్టిగా ఉండి, అడుగు వెడల్పుగా, మడమ చుట్టూ గట్టి పట్టు ఉన్న బూటు నయం.

లక్సెంబర్గ్‌లో ఎనిమిది వందల మందికి పైగా పరుగువాళ్ళకు చూడటానికి ఒకేలా ఉండే మెత్తని, గట్టి బూట్లు ఇచ్చి ఆరు నెలలు గమనించారు. ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మొత్తంమీద గట్టి బూట్లవారికే గాయాలు ఎక్కువ. కాని బరువును బట్టి విడదీసి చూస్తే మెత్తదనం మేలు చేసింది తేలికైనవారికి. బరువైనవారిలో ఆ మేలు స్పష్టంగా కనబడలేదు. అందరూ అనుకునేదానికి ఇది తలకిందులు. కాబట్టి "మీ బరువుకు ఇదే మెత్తని బూటు, ఇదే ఖరీదు" అని అమ్మేవాడు చెబితే తొందరపడకండి.

కొనడానికి సాయంత్రం వెళ్ళండి. పగలంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పరుగెత్తేటప్పుడు వేసుకునే మేజోళ్ళే తొడుక్కోండి. నిలబడి చూస్తే పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. బరువైనవారి పాదం చాలాసార్లు వెడల్పుగానూ ఉంటుంది. వెడల్పు చాలకపోతే ఒక సైజు పెంచడం సగం పరిష్కారమే, మడమ జారుతుంది. వెడల్పు రకం దొరుకుతుందేమో అడగండి. దుకాణం ముందే నాలుగడుగులు పరుగెత్తి చూడండి. సిగ్గెందుకు, డబ్బు మీది. పైన ఉండే పాలిస్టర్ జాలీ గురించి సూరత్ పిల్లలకు నేను చెప్పనక్కరలేదు; గాలి ఆడితే చాలు.

ఇక ఆ యువకుడి నొప్పి. బూటు మారిస్తే కొంత తగ్గవచ్చు. అసలు పొరపాటు మొదటి రోజే 5 కిలోమీటర్లు పరుగెత్తడం. ఎముకకు, కండరానికి అలవాటుపడే వ్యవధి ఇవ్వలేదు. నొప్పి తగ్గేవరకు ఆగి, తరువాత రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు, వారంలో మూడు రోజులు అన్నట్టు మొదలుపెడితే అతని బరువు పరుగుకు అడ్డం కాదు. ఎముకమీద ఒకేచోట వేలు పెడితే ఓర్చుకోలేనంత నొప్పి ఉంటే మాత్రం వైద్యుడికి చూపించాలి.

బూటు సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లు పనిచేస్తుందంటారు. బరువైనవారు 500 దగ్గరే దాన్ని పరీక్షించుకోవాలి. బల్లమీద పెట్టి వెనకనుంచి చూడండి. ఒక పక్కకు వాలితే దాని పని అయిపోయినట్టే, పైభాగం ఎంత కొత్తగా కనిపించినా. కొన్న తేదీని బూటు నాలుక లోపల పెన్నుతో రాసిపెట్టుకోండి.