వేగమునకు తగిన చోటు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున కార్ల పందెముల ప్రసంగ మేమిటని కొందరికి తోచవచ్చును. మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా కుప్పం వరకు గల మన దారులను తలచుకొనుడు. టమాటా లారీలు, పాల బండ్లు, సైకిళ్లు, బడిపిల్లలు, పశువులు అన్నియు ఒకే దారిన పోవలెను. ఆ దారులమీదనే మన కుర్రవాండ్రు కొందరు సైలెన్సరు విప్పిన మోటారు సైకిళ్లపై పందెములు వేసికొనుచున్నారు. వారిని తిట్టినవారు పెక్కుమంది. వారితో కూర్చుండి మాటలాడినవారు తక్కువ. ఇటువంటి చిక్కే ఒకనాడు అమెరికాలో వచ్చినది. దానిని చక్కబెట్టినవానిలో ఒక పత్రిక కూడ కలదు. అందుచేత ఈ కథ గ్రంథాలయమున చెప్పదగినదే.

ఫోర్డు కంపెనీవారు 1932లో ఎనిమిది సిలిండర్ల ఇంజనుగల కారును సామాన్యునికి అందు ధరకు అమ్మిరి. కాలిఫోర్నియా యువకులు పాతబడిన కార్లను కొని, మడ్గార్డులు ఊడదీసి, బరువు తగ్గించి, ఇంజనును సానబెట్టి, మ్యూరాక్ అను ఎండిన సరస్సు మైదానమున పరుగెత్తించిరి. ఇట్టి బండ్లకు హాట్ రాడ్లని పేరు. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇల్లు చేరిన సైనికులలో అనేకులకు యంత్రముల పని చేతికి వచ్చియుండెను. కాని మైదానము దూరము, వీధి దగ్గర. వీధిపందెములు పెరిగినవి, ప్రాణములు పోయినవి, హాట్ రాడ్ అన్న మాటయే లోకులకు రోత పుట్టించెను.

అట్టి సమయమున, 1948 జనవరిలో, హాట్ రాడ్ అను పేరుతోనే ఒక మాసపత్రిక వెలువడెను. వాలీ పార్క్స్ అను నాతడు దానికి సంపాదకుడై, పందెగాండ్రను దూషింపక, వారికి పని నేర్పు వ్రాతలతోబాటు జాగ్రత్తలను గూర్చియు ప్రచురించెను. ఆయన 1951లో జాతీయ హాట్ రాడ్ సంఘమును స్థాపించెను. 1953 ఏప్రిల్‌లో పొమోనా పట్టణమున, సంత మైదానమునకు చేరిన బండ్లు నిలుపు స్థలమున, ఆ సంఘపు మొదటి పందెము జరిగెను. పావు మైలు, అనగా సుమారు 402 మీటర్ల తిన్నని దారి; ప్రక్కప్రక్కన రెండు కార్లు; పరుగునకు ముందు బండి తనిఖీ. ఇంతే ఏర్పాటు. మరుసటి యేట సంఘపు బృందమొకటి ఊరూరు తిరిగి ఇట్టి పందెములు క్షేమముగా జరుపు విధమును నేర్పెను. మన గ్రంథాలయోద్యమమువారు పడవలపై పుస్తకములు పంపినట్లు, వారు జాగ్రత్తను బండిపై పంపిరి.

ఇక ప్రసిద్ధములైన మజిల్ కార్ల సంగతి. మజిల్ అనగా కండ. 1963 ఆరంభమున జనరల్ మోటార్సు యాజమాన్యము తన శాఖలను పందెములకు దూరముండుమని శాసించెను. ఆ సంస్థలోని పాంటియాక్ శాఖలో జాన్ డెలోరియన్ మొదలగు ఇంజనీర్లు ఒక ఉపాయము పన్నిరి. టెంపెస్ట్ అను మధ్యరకపు కారులో పెద్ద కారుకు ఉద్దేశించిన 389 ఘనపు అంగుళముల ఇంజనును అమర్చిరి. అది సుమారు 6.4 లీటర్లు, మన మారుతీ 800 ఇంజన్లు ఎనిమిదింటికి సమానము. పుంగనూరు గిత్త దేహమున ఒంగోలు గిత్త బలము నింపినట్లని మనవారికి చెప్పవచ్చును. జీటీఓ అను పేరున వచ్చిన ఈ కారు 1964 నమూనా సంవత్సరమున 32,450 అమ్ముడుపోయినది.

బలము పెరిగినది సరే, ఆపుట యెట్లు? తొలి జీటీఓకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. అవి చాలవని ఆనాటి పరీక్షకులే విమర్శించిరి. వేగము రెట్టింపైనచో బ్రేకు పట్టిన పిదప బండి ఆగు దూరము నాలుగు రెట్లగును. ఇంజనును మార్చినవాడు బ్రేకును, చక్రమును, స్ప్రింగును, చట్రమును కూడ తూచి చూడవలెను. ఒక్కదానిని మార్చి తక్కినవానిని మరచుట విద్య కాదు, జూదము. ఆ కార్ల వైభవమును దీర్ఘకాలము నిలువలేదు. బీమా ఖర్చులు పెరిగినవి. 1970 నాటి వాయుశుద్ధి చట్టము వచ్చినది. 1973లో చమురు కొరత ఏర్పడినది. కాని 402 మీటర్ల పందెపుదారులు మాత్రము నిలిచినవి.

మనకు దగ్గరి ఉదాహరణము మద్రాసు. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు నగరమునకు ఉత్తరమున షోలవరములోని యుద్ధకాలపు విమానపుదారిపై పందెములు నడిపిరి. విదేశీ కార్లతోబాటు మన అంబాసిడర్లు, ఫియట్లు, హెరాల్డులు అచ్చట మార్పులతో పరుగెత్తినవి. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ మారుతీ ఇంజనుతో తక్కువ ఖర్చున పందెపు కార్లు నిర్మించెను. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై పందెపుదారి 1990లో తెరువబడినది. ఆ దారిపై ఫార్ములా మారుతీ నడిపిన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెమున దిగిన మొదటి భారతీయుడయ్యెను. కుప్పంలో రైలెక్కి మద్రాసు దిగువానికి ఆ చోటు మిక్కిలి దూరము కాదు.

చట్టమును గూర్చి ఒక మాట. 2019 సవరణ ప్రకారము, అనుమతి లేక బండిని మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. బాటపై పందెమాడినవారికి వేరుగ శిక్ష కలదు. అయితే జరిమానా కట్టి ఇంటికి వచ్చు కుమారుని తల్లి అదృష్టవంతురాలే.

యువకులారా, మీ చేతిలోని విద్యను నేను తక్కువ చేయను. ఇంజను విప్పి మరల బిగించి పలికించువాడు సామాన్యుడు కాడు. కాని ఆ విద్యకు పుస్తకమును, పందెమునకు తగిన చోటును తోడు కావలెను. పెద్దలారా, పిల్లవానిని బండి దిగుమనుటకు ముందు వానికి పోదగిన చోటును చూపుడు. మన గ్రంథాలయమున మోటారు యంత్రవిద్యకు ఒక అలమారు కేటాయింపవలెనని, నెలకొకమారు అనుభవముగల మెకానిక్కును పిలిపించి బ్రేకుల పనిని విప్పి చూపింపవలెనని ఈ సభకు మనవి చేయుచున్నాను. ఆ అలమారు వలన ఒక్క బిడ్డ క్షేమముగా ఇల్లు చేరినను ఈ ఇరువది యైదేండ్ల కృషి మరియొకమారు సార్థకమగును.