మాంటె కసీనో కొండపై పోలండు సైనికుల సమాధులు



ఇటలీ దేశమున రోమునగరమునకు ఆగ్నేయముగా సుమారు 130 కిలోమీటర్ల దూరమున కసీనో అను చిన్న పట్టణము కలదు. దాని వెనుకనున్న కొండయే మాంటె కసీనో. సుమారు 529 వ సంవత్సరమున సెయింటు బెనెడిక్టు ఆ కొండపై ఒక మఠమును స్థాపించెను. నేటికిని ఆ మఠము ప్రాంగణము నుండి చూచినచో, ఎదుటి కొండవాలున సోపానములవలె తీర్చిన వరుసలలో వెయ్యికి పైగా రాతి సమాధులు కానవచ్చును. అవి పోలండు సైనికులవి. స్వదేశమునకు ఇంత దూరమున వీరెట్లు మరణించిరి? వీరి సమాధులను ఎవరు నిర్మించిరి, ఎవరు కాపాడిరి? ఈ విషయమునే మేమిప్పుడు మనవి చేయదలచితిమి.

1939 సెప్టెంబరు 1 వ తేదీన జర్మనీ పడమట నుండియు, 17 వ తేదీన సోవియట్ రష్యా తూర్పు నుండియు పోలండుపై దండెత్తినవి. తూర్పు ప్రాంతముల ప్రజలు లక్షలకొలదిగా సైబీరియాకును, కజకస్తానునకును తరలింపబడిరి. 1941 లో జర్మనీ రష్యాపైననే దాడి సలిపిన పిమ్మట, ఒక ఒడంబడికను అనుసరించి వీరిలో అనేకులకు విడుదల లభించెను. అట్లు వెలువడిన వారితో జనరల్ ఆండర్స్ ఒక సైన్యమును కూర్చెను. ఆకలికిని, జ్వరములకును ఎందరో బలికాగా, మిగిలినవారు 1942 లో ఇరాను చేరిరి. వారితోపాటు స్త్రీలును, తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డలును వచ్చిరి. ఆ బిడ్డలలో కొందరికి మన దేశముననే ఆశ్రయము దొరకినది. జామ్‌నగర్ సమీపమున బాలాచడి యందు నవానగర్ సంస్థానాధీశుడు దిగ్విజయసింహజీ వారిని చేరదీసెను. కొల్హాపురము చెంత వలివడె గ్రామమున వేలాది పోలండు శరణార్థులు 1948 వరకు నివసించిరి. సైనికులు మాత్రము ఇరాకు, పాలస్తీనా, ఈజిప్టుల మీదుగా ఇటలీకి చేరుకొనిరి.

రోమునకు పోవు మార్గమును మాంటె కసీనో వద్ద జర్మనులు అడ్డగించియుండిరి. 1944 జనవరి నుండి మిత్రరాజ్యముల సేనలు దానిపై పడి వెనుకకు మరలుచుండెను. ఫిబ్రవరి 15 వ తేదీన విమానములు మఠమును నేలమట్టము చేసినవి. 593 వ శిఖరమని సైనిక పటములలో పేర్కొనబడిన కొండకొమ్ముకై మన నాల్గవ భారతీయ డివిజను ఆ ఫిబ్రవరిలోనే పోరాడి, అపార నష్టమునకు లోనయ్యెను. భారతీయ ఇంజనీర్లును, న్యూజిలాండు ఇంజనీర్లును కొండపైకి తొలిచిన బాటను పిదప పోలండు వారు వెడల్పు చేసికొనిరి. మే 11 వ తేదీ రాత్రి పోలండు దళములు జరిపిన మొదటి దాడి విఫలమయ్యెను. 17 న మరల ఎదుర్కొనిరి. 18 వ తేదీ ఉదయమున శిథిలమైన మఠముపై వారి పతాక ఎగిరెను. ఆ కొలది దినములలో తొమ్మిదివందల మందికి పైగా నేలకొరిగిరి.

ఇందు మరియొక విషాదము కలదు. ఈ సైనికులలో పెక్కుమంది స్వగ్రామములు తూర్పు పోలండులోనివి. ఆ ప్రాంతము రష్యాకు పోవునని 1943 లో టెహరాను సమావేశమందే అగ్రరాజ్యముల నడుమ మాట నడచినది. 1944 ఫిబ్రవరిలో చర్చిల్ పార్లమెంటున చేసిన ప్రసంగముతో ఆ సంగతి సైనికులకును తెలియవచ్చెను. తమ ఇల్లు తమకు దక్కునో లేదో ఎరుగకయే వారు ఆ కొండ నెక్కిరి.

బ్రతికినవారు తమ తోడివారిని 593 వ శిఖరమునకును మఠమునకును నడుమనున్న లోయలో ఒకచోట చేర్చిరి. హ్రినెవిచ్, స్కొలిమోవ్‌స్కీ అను వాస్తుశిల్పులు రూపకల్పన చేయగా, సైనికులే రాళ్లు పేర్చిరి. 1945 సెప్టెంబరు 1 వ తేదీన, అనగా దేశము దాడికి గురియైన నాటికి సరిగా ఆరేండ్లకు, ఆ స్థలము ప్రతిష్ఠింపబడెను. ద్వారమున రెండు రాతి గరుడ పక్షులు కావలి కాయుచున్నవి. సమాధులపై కేథలిక్కుల సిలువ, ఆర్థొడాక్సు వారి సిలువ, యూదుల ఆరుకోణముల నక్షత్రము పక్క పక్కనే కనిపించును. మీ స్వాతంత్ర్యమునకును మా స్వాతంత్ర్యమునకును పోరాడి, ఆత్మను దేవునికి, దేహమును ఇటలీ మట్టికి, హృదయమును పోలండునకు ఇచ్చితిమని అచ్చటి శాసనము పలుకుచున్నది.

సమాధిని కట్టుట ఒకనాటి పని. కాపాడుట తరతరముల పని. వానకు రాయి నల్లబడును, పాచి పట్టును, అక్షరము అరిగిపోవును. సామాన్యముగా సమాధిని చక్కబెట్టువారు బంధువులు. ఇచ్చట బంధువులు సరిహద్దులకు ఆవల చిక్కుకొనిరి. పోలండులో నెలకొన్న కమ్యూనిస్టు ప్రభుత్వము 1946 లో జనరల్ ఆండర్స్ పౌరసత్వమునే రద్దు చేసెను. ఆయన సైనికులు వేలకొలదిగా బ్రిటనులోను, ఇతర దేశములలోను ప్రవాసులై స్థిరపడిరి. వారికి స్వదేశములో అడుగిడు వీలు లేకపోయినను, మే 18 వ తేదీన ఈ కొండకు వచ్చి నిలిచి, పేర్లు చదువుకొను వీలు కలిగెను. 1970 లో లండనులో మరణించిన ఆండర్స్, తన కోరిక మేరకు ఈ సైనికుల నడుమనే ఖననము చేయబడెను. 1979 మే నెలలో పోలండు దేశీయుడైన పోపు రెండవ జాన్‌పాల్ వచ్చి ఇచ్చట ప్రార్థించెను. 1989 లో పోలండు రాజకీయ వ్యవస్థ మారిన పిమ్మట, స్వదేశ ప్రభుత్వమే ఈ స్థలమును బాహాటముగా గౌరవింప సాగెను. 2014 లో సమాధుల చెంతనే ఒక స్మారక ప్రదర్శనశాల వెలసినది.

కొండ క్రింద కసీనో పట్టణ పరిసరమున కామన్వెల్తు దేశముల సైనికుల సమాధి స్థలము వేరొకటి కలదు. అందు నాలుగు వేలకు పైగా సమాధులున్నవి. వానిలో మన భారతీయ సైనికులవియు కలవు. ఒకే కొండకై ప్రాణమొసగినవారు పైనను క్రిందను నిద్రించుచున్నారు. రోమునగర యాత్రకు పోవు మనవారు ఒక్క దినము మిగుల్చుకొని ఈ రెండు చోట్లకును పోవలెనని మా మనవి. చేతనైనచో రాతిపైనున్న పేరొకటి బిగ్గరగా చదువుడు. చదువువారున్నంత కాలమే అచ్చటి అక్షరములకు ఎవరైనను మెరుగు పెట్టుదురు.