పుట్టిన తేదీ

 లా చదువు ముగించుకున్న మీకు అభినందనలు ఇప్పటికే చాలామంది చెప్పారు. నేను పని సంగతి మాట్లాడతాను.

జిల్లా కోర్టుల్లో వకీలుగా, ఆ తర్వాత సెషన్స్ జడ్జిగా పనిచేసినదాన్ని. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కింద వచ్చిన కేసుల్లో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన కాగితం అమ్మాయి పుట్టిన తేదీది. 2012 నాటి ఆ చట్టం 18 నిండనివాళ్ల సమ్మతిని లెక్కలోకి తీసుకోదు. "తనే ఇష్టపడి వచ్చింది" అంటే వినదు. 2019 సవరణ తర్వాత అత్యాచారానికి కనీస శిక్ష 10 ఏళ్లు, పిల్లకు 16 నిండకపోతే 20. ఇంత బరువున్న తేదీని మనవాళ్లు రుజువు చేసే తీరు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఒక అమ్మాయీ కుర్రాడూ కలిసి ఇల్లు విడిచి వెళ్లిన కేసొకటి నా ముందుకొచ్చింది. ఫిర్యాదు అమ్మాయి తండ్రిది. హెడ్‌మాస్టరుగారు సాక్ష్యం చెబుతూ, "ఒకటో తరగతిలో చేరాలంటే అయిదేళ్లు నిండాలి కదమ్మా, దానికి సరిపోయేలా పుట్టిన తేదీ రాసుకున్నాం" అన్నారు. ఆ రాతను నమ్మి కుర్రాణ్ణి నెలల తరబడి జైల్లో ఉంచారు. పంచాయతీ జనన రిజిస్టరు తెప్పిస్తే, వాళ్లు వెళ్లేనాటికే అమ్మాయికి 18 దాటాయి.

ఇంకో కేసులో పదిహేనేళ్ల పిల్ల. నిందితుడు దగ్గరి బంధువు. పిల్లకు 18 నిండాయనీ, ఇష్టంతోనే జరిగిందనీ అతని వాదన. ఫైల్లో ఉన్నది టీసీ ఒక్కటే. పీహెచ్‌సీ ప్రసవాల రిజిస్టరులో తల్లి పేరు దొరక్కపోయుంటే అతను దర్జాగా ఇంటికెళ్లేవాడు.

టీసీ, అడ్మిషన్ రిజిస్టరు నకలు చాలవని యువప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు 2023లోనే చెప్పింది. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షను వరసగా ఏమేం చూడాలో చెబుతుంది: బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకుంటే పంచాయతీ, మునిసిపాలిటీలు ఇచ్చింది. అవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఈ నాలుగు ముక్కలు చదవకుండా నల్లకోటు తొడుక్కొచ్చిన కుర్రవకీళ్లను నిలబెట్టి చివాట్లు పెట్టాను. మీరైనా అంతే, మా ఇంటి పిల్లలైనా అంతే.

ఆ తేదీతో తేల్చే సమ్మతి వయసుకీ ఒక చరిత్ర ఉంది. 1890లో కలకత్తాలో ఫూల్‌మణి అనే బాలిక భర్త చేతిలో చనిపోయింది. పదేళ్లు దాటాయి గనక అప్పటి చట్టంలో అది అత్యాచారం కాలేదు. మరుసటి ఏడే ఆ వయసును 12కి పెంచారు. ఇవాళ్టి 18ని తగ్గించొద్దని లా కమిషన్ 2023లో చెప్పింది. నేనూ ఆ పక్షమే. అయితే 16-18 మధ్య పిల్లలు తమ ఇష్టంతో వెళ్లిన కేసుల్లో శిక్ష విషయంలో జడ్జికి కొంత విచక్షణ ఉండాలన్న ఆ కమిషన్ మాటను పార్లమెంటు పట్టించుకోవాలి.

మీ చేతికి మొదటి పోక్సో ఫైలు వచ్చిన రోజున, ఏ పక్షాన నిలబడ్డా సరే, ముందు ఆ పిల్ల చదివిన బడికి వెళ్లండి. రిజిస్టరు తెరిపించి, ఈ తేదీ ఎవరు చెప్పారు, ఏ కాగితం చూసి రాశారు అని అడగండి. వాదన ఆ తర్వాతే రాసుకోండి.