అమ్మ ఒంటరిగా విమానం ఎక్కుతుంటే...

నేను మస్కట్‌లో ఐటీ కన్సల్టెంట్‌గా పని చేస్తున్నాను. ఉద్యోగరీత్యా తరచూ విమానాలెక్కి దిగేవాణ్ణి కావడంతో, టికెట్టు కొనే ముందు మనవాళ్ళు ఏదో ఒక సందేహంతో నాకు ఫోన్ చేస్తుంటారు. ఆ ఫోన్లలో చాలావరకు తమ ప్రయాణం గురించి కాదు. ఊరినుంచి మొదటిసారి, తోడు లేకుండా వస్తున్న అమ్మ గురించో, అత్తగారి గురించో. హైదరాబాదు నుంచి మస్కట్ సుమారు మూడు గంటల ప్రయాణమే. కానీ ఇంగ్లీషు రాని, ఎస్కలేటర్ ఎక్కడం అలవాటు లేని పెద్దావిడకు ఆ మూడు గంటల కంటే ముందూ వెనకా ఉండే ఆరు గంటలే కష్టం. ఆ కష్టాన్ని ఎలా తగ్గించవచ్చో ఈరోజు ముచ్చటించుకుందాం.

ముందు టికెట్టు సంగతి. పి.ఎన్.ఆర్. అంటే మన బుకింగుకి ఇచ్చే ఆరు అక్షరాల గుర్తు. ఈ-టికెట్టు నంబరు వేరు, దానిలో 13 అంకెలుంటాయి. పి.ఎన్.ఆర్. ఉండి ఈ-టికెట్టు నంబరు లేకపోతే సీటు రాసి ఉంచారన్నమాటే గానీ టికెట్టు ఇంకా ఇవ్వలేదని అర్థం. ఏజెంటు దగ్గర కొన్నవారు ఈ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

రెండోది పేరు. మన తెలుగువాళ్ళకి ఇదొక ప్రత్యేకమైన చిక్కు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అది కూడా చాలాసార్లు పొడి అక్షరమే. పాస్‌పోర్టులో ఇంటిపేరుకీ, పేరుకీ వేరు వేరు గడులుంటాయి. టికెట్టు మీదా, వీసా మీదా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. కొందరు అమ్మల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు టికెట్టులో పేరు ఎలా రాయాలో విమాన సంస్థని అడిగి తర్వాతే కొనండి. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. రాయల్ ఒమన్ పోలీస్ ఇచ్చే ఈ-వీసాని ఫోన్‌లో పంపి ఊరుకోకుండా, కాగితం మీద ముద్రించి చేతికివ్వండి.

మూడోది తేదీ. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయల్దేరతాయి. టికెట్టు మీద 15వ తేదీ 01:30 అని ఉంటే, 14వ తేదీ రాత్రి భోజనం చేసి పదిన్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. "పదిహేనో తారీకు ప్రయాణం" అని మాత్రమే చెబితే వాళ్ళు 15 రాత్రి బయల్దేరతారు. కాబట్టి "పద్నాలుగు, ఆదివారం రాత్రి ఇంటినుంచి బయల్దేరాలి" అని వారంతో సహా చెప్పండి. టికెట్టు మీద ఉండే సమయాలన్నీ ఆయా ఊళ్ళ సమయాలే. మన ఒమన్ కంటే ఇండియా గంటన్నర ముందుంటుంది.

కొన్ని మాటల అర్థాలు చూద్దాం. నాన్‌స్టాప్ అంటే మధ్యలో ఎక్కడా ఆగదు. డైరెక్ట్ అంటే మధ్యలో ఆగవచ్చు గానీ ఫ్లైటు నంబరు మారదు. ట్రాన్సిట్ అంటే మధ్యలో దిగి ఇంకో విమానం పట్టుకోవడం. రెండు విమానాలూ ఒకే టికెట్టులో ఉంటే సామాను సాధారణంగా చివరి ఊరికే వస్తుంది. చవకగా వస్తున్నాయని రెండు టికెట్లు విడివిడిగా కొంటే, మధ్యలో సామాను తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాల్సి రావచ్చు. అక్కడికి వీసా కూడా అవసరం కావచ్చు. మొదటి విమానం ఆలస్యమైతే రెండోవాళ్ళకి బాధ్యత ఉండదు. పెద్దవాళ్ళకి పది రియాళ్ళు ఎక్కువైనా నాన్‌స్టాప్ కొనండి.

ఇక వీల్‌చెయిర్. "నాకేమైంది, నడవగలను" అని అమ్మ నామోషీ పడుతుంది. కానీ శంషాబాద్‌లోనూ, 2018లో తెరిచిన మన మస్కట్ కొత్త టెర్మినల్‌లోనూ నడక చాలా ఎక్కువ. పైగా వీల్‌చెయిర్‌తో వచ్చే మనిషి చెకిన్ దగ్గర్నుంచి ఇమిగ్రేషన్ దాటేదాకా వెంట ఉంటాడు. అందులో మూడు రకాలున్నాయి. మెట్లెక్కగలిగి దూరం నడవలేనివారికి డబ్ల్యూ.సి.హెచ్.ఆర్., మెట్లెక్కలేనివారికి డబ్ల్యూ.సి.హెచ్.ఎస్., సీటుదాకా కూడా నడవలేనివారికి డబ్ల్యూ.సి.హెచ్.సి. ఏది కావాలో కనీసం రెండు రోజుల ముందే విమాన సంస్థకి చెప్పి, టికెట్టులో చేర్చారో లేదో చూసుకోండి.

సామాను దగ్గరికొద్దాం. ఆవకాయ, నెయ్యి చెకిన్ పెట్టెలోనే పెట్టాలి. చేతిసంచీలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలు కుదరవు. పవర్ బ్యాంకు మాత్రం చెకిన్ పెట్టెలో అస్సలు పెట్టకూడదు, చేతిసంచీలోనే ఉండాలి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పంటుకునే గుణం ఉంది. అందుకే 2022లో ఇండియాలో దాన్ని చెకిన్ సామానులో నిషేధించారు. గసగసాలు ఇంకా పెద్ద ప్రమాదం. మనకది కూరలో వేసే దినుసు. యూఏఈ, సౌదీ వంటి దేశాల్లో మత్తుమందుల చట్టం కిందకొస్తుంది. గల్ఫ్‌లో ఎక్కడికొస్తున్నా, మసాలా పొడిలో కలిపి కూడా తేవద్దని గట్టిగా చెప్పండి. బీపీ, షుగర్ మందులు అసలు స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచీలో ఉండాలి. ట్రామడాల్, కోడీన్ లాంటి మందులుంటే ఒమన్ నిబంధనలు ముందే కనుక్కోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. "మా అబ్బాయికి ఈ చిన్న పొట్లం ఇవ్వండి పిన్నీ" అని ఊళ్ళో ఎవరో ఒకరు వస్తారు. మనవాళ్ళకి మొహమాటం. విప్పి చూడకుండా ఏదీ తీసుకోవద్దని చెప్పండి. అమ్మ పెట్టెలో దొరికింది అమ్మదే అవుతుంది. ఇంగ్లీషూ అరబ్బీ రాని మనిషి "ఇది నాది కాదు" అని ఎవరికి చెప్పుకోగలదు? తప్పు నా మీద వేసేయమనండి. "మా అబ్బాయి ఒప్పుకోడు" అంటే సరిపోతుంది.

ఊరినుంచి ఇంటిపనికి మనిషిని పిలిపించుకునేవారికీ ఒక మాట. విజిట్ వీసా పని చేయడానికి కాదు. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు ఈ.సి.ఆర్. రకం. వాళ్ళు ఉద్యోగానికి ఒమన్ రావాలంటే ఇండియాలో ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. అలాంటి మహిళలకి 30 ఏళ్ళు నిండాలి. ఆ దారిలో వస్తేనే 10 లక్షల ప్రవాసీ బీమా వర్తిస్తుంది. దొడ్డిదారిన వచ్చినవాళ్ళకి కష్టమొస్తే చేతిలో ఏ కాగితమూ ఉండదు.

చివరిగా, ఒక తెల్లకాగితం మీద ఒకవైపు తెలుగులో, ఒకవైపు ఇంగ్లీషులో మీ పేరు, ఒమన్ ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఫ్లైటు నంబరు రాసి పాస్‌పోర్టులో పెట్టించండి. ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా ఆ కాగితం పనికొస్తుంది. దాన్ని చూపిస్తే సాయం చేసే మనిషి ఏ ఎయిర్‌పోర్టులోనైనా దొరుకుతాడు.

మీ ఇంటికి వచ్చే పెద్దవాళ్ళందరూ క్షేమంగా చేరాలని కోరుకుంటూ, సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.