ఓడ బయల్దేరే ముందే

విశాఖలో నౌకాదళ కుటుంబాలకు ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణి ఆసుపత్రి ఉంది, పిల్లలకు నేవీ చిల్డ్రన్ స్కూల్ ఉంది, రిటైరైనవాళ్లకు 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ వైద్య పథకం ఉంది. లోటు సదుపాయాల్లో కంటే వాటిని అందుకునే దారిలోనే ఎక్కువ. నావికుడు నెలల తరబడి సముద్రం మీద ఉంటే కాగితాల పనంతా భార్య మీదో, ఊళ్లో పెద్దవాళ్ల మీదో పడుతుంది. ఆధార్‌లో పుట్టింటి పేరు, సర్వీసు రికార్డులో మెట్టినింటి పేరు ఉంటే చాలు, కుటుంబ సభ్యుల గుర్తింపు కార్డు ఆగిపోవచ్చు. మన ఇళ్లలో ఇలా రెండు పేర్లుండటం మామూలే. అందుకే ఓడ కదలకముందే పేర్లు, నామినీ, జాయింటు ఖాతా సరిచూసే పూచీ యూనిట్‌దే కావాలి.

అందరికీ లేని సేవలు వీళ్లకే ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఈసీహెచ్‌ఎస్‌లో చేరే పింఛనుదారు తన వాటా కడతాడు, గ్రూపు బీమాకు జీతంలోంచే కోత పడుతుంది. అన్నీ ఉచితాలు కావు. పైగా బిడ్డకు జ్వరమొస్తే సెలవు పెట్టి రావడం నడిసముద్రంలో ఉన్నవాడి చేతిలో లేదు. అంతా ఆన్‌లైన్‌లో ఉందిగా అనేది మరో మాట. శ్రీకాకుళం పల్లెలో ఉన్న నావికుడి తల్లికి అది అక్కరకు రాదు. ఆమెకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమే దగ్గర. అది మాజీ సైనికులకే కాదు, సర్వీసులో ఉన్నవాళ్ల కుటుంబాలకూ పనిచేస్తుంది.